ఫలక్‌నుమా గుట్ట, జోగిపేట సభ

హైదరాబాద్‌కు దక్షిణాన గుట్ట మీదున్న ఫలక్‌నుమా ఇప్పుడు తాజ్ వాళ్లు నడిపే హోటల్. దానికి 1884 మార్చి 3న పునాది పడింది. కట్టించింది పైగా అనే ప్రభువంశానికి చెందిన నవాబు సర్ వికారుల్ ఉమ్రా. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు బావ, తర్వాత రాజ్యానికి దివాన్. ఇటలీ పాలరాయి, 101 మంది ఒకేసారి కూర్చుని భోంచేసే బల్ల ఆ ఇంటి ఘనతలు. పైగాల రాబడి మాత్రం వారి జాగీరు పల్లెల రైతులు కట్టిన శిస్తు. ఆ ఇంటి కథ చెప్పేటప్పుడు ఈ మాట వదిలేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు.

1890లలోనే అది నిజాం చేతికి వచ్చింది. 1911లో మహబూబ్ అలీ ఖాన్ అక్కడే కన్నుమూశాడు. ఆ పైన అది రాజ్యపు అతిథుల విడిది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసి వెళ్లాక దాని సందడి తగ్గింది. రాజరికం పోయింది, జాగీర్లు రద్దయ్యాయి, 1971లో రాజభరణాలూ ఆగిపోయాయి. అంత ఇంటిని పోషించేదెవరు? స్కాట్లండ్‌లో ప్రభువుల ఇళ్లకూ ఇదే కష్టం వచ్చింది. అక్కడ 1863లో కట్టిన ఇన్వర్‌లాకీ కోట 1969లో హోటలైంది. ఇక్కడ మన వనపర్తి రాజావారి భవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. ఫలక్‌నుమాను నిజాం కుటుంబపు యువరాణి ఎస్రా దగ్గరుండి పదేళ్లపాటు బాగుచేయించారు. 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తలుపులు తెరుచుకుంది. ఏదో ఒక పని దొరకబట్టే ఆ గోడలు నిలిచాయి. దాన్ని కాపాడినవారికి మనం కృతజ్ఞులం.

ఆ గుట్ట మీద దొరల అతిథులు దిగుతున్న రోజుల్లోనే, 1930లో, మా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు హైదరాబాద్‌లోని ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి ఆపేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాని కృషి పెరిగి పెరిగి మా ఊరి సభ దాకా వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళా సభ జరిగింది. నిజాం ఏలుబడిలో తెలుగువాళ్లు, ఆడవాళ్లతో సహా, తమ బడులు, గ్రంథాలయాలు, హక్కుల గురించి తమ భాషలో మాట్లాడుకున్న చోటు మాది.

ఫలక్‌నుమా చరిత్రను గోడలు, దీపాలు, బల్లలు చూపించి చెప్పొచ్చు. మా సభకు అలాంటి మేడ లేదు. దాన్ని నిలబెట్టేది చెప్పే నోరు, రాసే చెయ్యి మాత్రమే. సంగారెడ్డి, పటాన్‌చెరు కంపెనీలకు పొద్దున్నే బస్సెక్కి పోయే మా పిల్లలకు ఆ సభ సంగతి తెలియాలి. అందుకే ఊరి బళ్లలో ఏటా ఒక రోజు దాని గురించి చెప్పాలని, తాతల నోట విన్నవాళ్లు ఉండగానే ఆ ముచ్చట్లు రాసి పెట్టాలని మా ఊరివాళ్లను అడుగుతున్నాను.