ఊట వెనక ఉప్పు

నూజివీడు తోటల్లో ఆవకాయ కాయకు గడువు తక్కువ. టెంక ముదరాలి, పులుపు మాత్రం తగ్గకూడదు. ఆ అదను వేసవిలో కొద్దివారాలే. చిన్నరసాలు ఆ దశకు వచ్చాయంటే ఇళ్లలో కత్తిపీటలూ జాడీలూ బయటికొస్తాయి.

మామిడికీ ఉప్పుకీ పొత్తు పాతది. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో వేసవి విస్తట్లో వడపిందెలు, అంటే ఊరవేసిన మామిడి పిందెలు, వడ్డించాడు. చలికాలం భోజనంలో మిరియాలూ ఆవఘాటు పచ్చళ్లూ పెట్టాడు. ఆ విస్తళ్లలో మిరపకాయ లేదు. అది పోర్చుగీసు ఓడల వెంట వచ్చింది. ఎర్రటి ఆవకాయ ఆ తర్వాతిదే.

కలిపిన రోజు జాడీలో తొంగిచూడండి. కారం ఎరుపు నూనెలోకి దిగుతుంది, ఉప్పు దిగదు. నూనెలో ఉప్పు కరగదు మరి. దానికి కావలసిన నీరంతా ముక్కలోనే ఉంది. ముక్క చుట్టూ ఉప్పు చిక్కబడగానే కణాల్లోని నీరు పొరలు దాటి బయటికొస్తుంది. వచ్చిన నీటిలో మరికొంత ఉప్పు కరిగి, ఇంకా నీటిని లాగుతుంది. ఆవపిండి ఘాటు కూడా ఆ తడి తగిలాకే పుడుతుంది. మూడోనాడు తిరగకలిపేటప్పుడు గరిటెకు తగిలే ఊట ఇదే. శాస్త్రంలో దీని పేరు ద్రవాభిసరణ.

పంది మూత్రాశయపు పొరతో ఫ్రాన్సులో నొలే అనే శాస్త్రవేత్త దీన్ని 1748లోనే చూశాడు. లెక్క కట్టింది డచ్చి శాస్త్రవేత్త వాంట్ హాఫ్. పంచదార ఆయన సూత్రానికి చక్కగా ఒదిగింది. ఉప్పు మొండికేసింది: రావలసినదానికి దాదాపు రెట్టింపు లాగుతోంది!

ఆ ముడి విప్పినవాడు స్వాంటే ఆర్హీనియస్. నాకు ఎంతో ఇష్టమైన మనిషి. 1884లో, పాతికేళ్ల వయసులో, ఉప్సాలా విశ్వవిద్యాలయానికి సిద్ధాంతవ్యాసం ఇచ్చాడు. ద్రావణాల్లో విద్యుత్తు ఎలా నడుస్తుందన్నది విషయం. అక్కడి ఆచార్యులకు అది మింగుడుపడలేదు. అధ్యాపకుడిగా బతకడానికి పనికిరానంత తక్కువ శ్రేణి ఇచ్చారు. అతను కుంగిపోలేదు, ప్రతులను పరాయి దేశాల పండితులకు పంపాడు. రీగాలో ఉన్న రసాయన శాస్త్రవేత్త ఆస్ట్వాల్డ్‌కు ఆ ప్రతి అందిన రోజే కూతురు పుట్టిందట, పంటి నొప్పీ పట్టుకుందట. అయినా చదివాడు. ఆ ఆగస్టులోనే ఉప్సాలాకు స్వయంగా వెళ్లి, తన దగ్గరికి రమ్మని పిలిచాడు. ఒక కుర్రవాడి కాగితాల కోసం సముద్రం దాటిన ఆ పెద్దమనసు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

1887లో ఆర్హీనియస్ సంగతి తేల్చేశాడు. నీళ్లలో పడగానే ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. ఒకటి రెండవుతుంది కనుక లాగుడూ రెట్టింపు. పల్చటి ద్రావణాల్లో బరువుకు బరువు తూచి చూస్తే ఉప్పు లాగుడు పంచదారకు దాదాపు పన్నెండింతలు. వాంట్ హాఫ్‌కు 1901లో రసాయన శాస్త్రంలో తొలి నోబెల్, ఆర్హీనియస్‌కు 1903లో.

అక్కడితో తేలిపోలేదు. ఊటలాంటి చిక్కటి ఉప్పునీటిలో అయాన్లు ఒకదాన్నొకటి లాగుతూ అడ్డుపడతాయి, పాత లెక్క కుదరదు. 1923లో డెబై, హ్యూకెల్ చేసిన సవరణ కూడా పల్చటి వాటికే చక్కగా సరిపోతుంది.

ఇవాళ మామిడి మండీల్లో వినిపించే రసాయనాలు వేరు. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు గదుల్లో వాడవచ్చు. ఎథిఫాన్ ద్రావణంలో కాయల్ని ముంచడానికి మాత్రం అనుమతి లేదు. ఏ కాయ ఎందులో మునిగి వచ్చిందో కొనేవాళ్లు తొక్క చూసి పోల్చుకోలేరు. ఆ తనిఖీ గోదాముల దగ్గరే, సీజను మొదట్లోనే జరగాలి.