‘ఎస్చీట్’ అంటే జప్తు కాదు

వీలునామా రాయకుండా, వారసులెవరూ లేకుండా మరణించిన వ్యక్తి ఆస్తి ప్రభుత్వానికి సంక్రమించడాన్ని తెలిపే ఆంగ్ల క్రియ ‘ఎస్చీట్’. భూవివాదాల తీర్పుల్లో, రెవెన్యూ దస్త్రాల్లో తప్ప ఈ పదం అరుదుగా కనిపిస్తుంది. దీనిని ‘జప్తు’ అని అనువదించడం పొరపాటు. జప్తుకు నేరమో, బకాయో కారణం కావాలి. ఎస్చీట్‌కు వారసులు లేకపోవడమే కారణం. వాక్యంలో సాధారణంగా ఆస్తే కర్తగా నిలుస్తుంది. ‘ద ఎస్టేట్ ఎస్చీటెడ్ టు ద స్టేట్’ అంటే ‘ఆ ఆస్తి ప్రభుత్వపరమైంది’ అని అర్థం.

లాటిన్‌లో ‘జారిపడు’ అనే అర్థమున్న పదం పాత ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి ఇలా వచ్చి చేరింది. మధ్యయుగపు ఇంగ్లండులో ఇటువంటి భూములను చూసేందుకు రాజు నియమించిన అధికారులను ఎస్చీటర్లు అనేవారు. వారి అక్రమాలకు జనం ఎంతగా విసిగిపోయారో గాని, మోసగించడమనే అర్థంలో నేడు అందరూ వాడే ‘చీట్’ ఈ మాట నుంచి పుట్టినదే.

తెలుగు నేలకు ఈ పదంతో గట్టి సంబంధమే ఉంది. బ్రాహ్మణుని ఆస్తిని రాజు తీసుకోరాదన్నది మనుస్మృతి నియమం. అయినా వారసులు లేని బ్రాహ్మణుని ఎస్టేటు సైతం ప్రభుత్వానికే చెందుతుందని, దానిపై ఉన్న న్యాయమైన రుణభారాలు మాత్రం తొలగిపోవని మచిలీపట్నం కలెక్టరుకు, కావలి వెంకట నారాయణప్పకు మధ్య నడిచిన వ్యాజ్యంలో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1860లో తీర్పునిచ్చింది.

హిందూ వారసత్వ చట్టం-1956లోని 29వ సెక్షన్ సైతం ఇదే బాటన నడిచింది. ఆస్తితో పాటు దానిపై ఉన్న బాధ్యతలన్నీ ప్రభుత్వం స్వీకరించవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి ఆస్తుల కోసం 1974లో ప్రత్యేక చట్టం చేశారు.

సంతానం లేనంత మాత్రాన ‘లావారిసు’ ఆస్తి అయిపోయిందని గ్రామాల్లో అనుకోవడం పరిపాటి. అది నిజం కాదు. భార్య లేదా భర్త, తోబుట్టువులు, వారి పిల్లలు ఉండనే ఉంటారు. వారెవరూ లేకపోతే దూరపు దాయాదులకు, ఆ తరువాత స్త్రీల ద్వారా సంబంధమున్న బంధువులకు హక్కు దక్కుతుంది. ఇన్ని తరాల లోపువారే కావాలన్న పరిమితిని ఆ చట్టం విధించలేదు. వారసులు లేరని రుజువు చేసే భారం ప్రభుత్వంపైనే ఉంటుందని, అది తేలికైన భారం కాదని 1983లో బీహార్‌కు చెందిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.