అద్దము వెనుక మన పూర్వుల చేతిపని



మన సమావేశములయందు పూర్వికుల ప్రశంస వచ్చినపుడెల్ల లేపాక్షి కప్పు చిత్రములును, తంజావూరి బంగారు పటములును పేర్కొనబడుచుండును. అది యుక్తమే. కాని మన యిండ్లలోను, మన పోషకుల దేవతార్చన గదులలోను నూరేండ్లకు పైబడి వ్రేలాడుచున్న అద్దపు చిత్రములను గూర్చి మాటాడువారు మిక్కిలి తక్కువ. పలక వెనుక రంగు పొరలుపొరలుగా నూడి, కృష్ణుని చెక్కిలి యొకచోట, వెన్నకుండ యొకచోట రాలుచుండగా, పాతబడినదని చట్రమును విప్పి, అద్దమును శుభ్రముగా తుడిచి, అందు అచ్చుబొమ్మ నమర్చుకొనిన గృహస్థులను మేమెరుగుదుము. ఆ తుడుపుతో పోవునది యొక బొమ్మ మాత్రమే కాదు. ఈ చిత్రములపై వ్రాసినవాని పేరు సామాన్యముగా కానరాదు. వాని చేతిపనియే వానికి శాసనము. అది చెరిగినచో మరియొక ప్రతి లేదు. కావున ఈ విద్య మనకెట్లు వచ్చినదియు, ఏల నిలిచినదియు, ఏల రాలుచున్నదియు ఈ సంచికలో వ్రాయ బూనితిమి.

మనవారు దక్షిణమునకు తరలిన కథ పలుమారు చెప్పబడినదే గనుక సంగ్రహింతుము. 1565వ సంవత్సరమున తళ్లికోట యుద్ధమున విజయనగరము దెబ్బతినిన పిదప, తెలుగు నాయకులేలుచుండిన తంజావూరు, మధుర రాజ్యములకు కవులతోడను గాయకులతోడను చిత్రకారులును పోయి చేరిరి. తంజావూరు, తిరుచిరాపల్లులలో రాజులనియు, మధురలో నాయుళ్లనియు పేరొందిన చిత్రకారులు తెలుగు మాటాడువారే. 1673లో తంజావూరి నాయకరాజ్యము అంతరించి మరాఠా ప్రభువులు వచ్చినను, వారి కొలువున తెలుగునకు గాని తెలుగు కళాకారులకు గాని చోటు తప్పలేదు. 1798 మొదలు 1832 వరకు గద్దెపై నుండిన శరభోజి మహారాజు కాలమున ఈ చిత్రకళ మిక్కిలి వర్ధిల్లెను. ఆ దినములలోనే తంజావూరికి నాలుగు క్రోసుల లోపుననున్న తిరువయ్యారున త్యాగరాజస్వామి తెలుగున రాముని గానము చేయుచుండిరి. పాటలోని పట్టాభిషేకమును, పటములోని పట్టాభిషేకమును ఒకే గాలిలో పుట్టినవని తలచుట మాకు ప్రీతికరము.

ఇచట ఒక్క మాట. ఈ విద్య యంతయు మన కులమువారిదే యని కొందరు పెద్దలు వాదింతురు. మేమంత దూరము పోజాలము. కుంపిణీ దొరలు వ్రాయించుకొనిన చిత్రసంపుటములలో తంజావూరి చిత్రకారులు ‘మూచీ’ లను పేరను కానవచ్చుచున్నారు. ఆ పేరు దొరలు పలువురికి కలిపి పెట్టినది కావచ్చును. సంతకము లేని పటమును జూచి, ఇది రాజు వ్రాసినది, ఇది మరియొకడు వ్రాసినదని తీర్పు చెప్పుట సాహసము. మనవారి పాలు ఇందు గొప్పదనిన చాలును.

అట్లే అద్దము వెనుక బొమ్మ వ్రాయుట మన పూర్వులు కనిపెట్టిన యుపాయమును కాదు. నాలుగవ శతాబ్దిలోనే రోమకులు బంగారు రేకుపై బొమ్మ గీసి, దానిని రెండు గాజు పొరల నడుమ నిమిడ్చి నిలుపుచుండిరి. 16వ శతాబ్దిలో వెనిస్ నగరమునను, పిదప జర్మనీ, బొహీమియా పల్లెలలోను గాజు వెనుక పునీతుల బొమ్మలు వ్రాయుట వ్యాపించెను. ఐరోపా వర్తకులు ఆ పలకలను చీనాదేశపు కాంటన్ రేవునకు కొనిపోగా, 18వ శతాబ్దిలో అచటి చిత్రకారులు వానిపై బొమ్మలు వ్రాసి మరల పడమటికే పంపుచుండిరి. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ చీనా పటములు వర్తకపు టోడలపై మన దేశపు రేవులకును, అందుండి సంస్థానాధీశుల మందిరములకును చేరెను. వానిని జూచి మనవారు నేర్చిరి. పరుల విద్యను నేర్చుట లాఘవము కాదు. నేర్చిన యేబది యేండ్లలో దానిని పూజాగృహమునకు తగినదిగా మార్చుకొనుటయే వారి ప్రజ్ఞ. చీనా పటమున వెనుక కొండలు, నదులు, దూరపు చెట్లు కనబడును. మనవారు వానిని విడిచి, చదునైన ముదురు రంగు నేలపై దేవతను నిండుగా నిలిపిరి. తంజావూరి చెక్కపటమునందలి తెర, స్తంభములు, పూలదండలు, బంగారము ఇందునకు నడచి వచ్చెను.

అద్దము వచ్చుటకు మరియొక కారణమును గలదు. 1799లో రాజ్యపాలనము కుంపిణీవారి చేతికి పోయి, మహారాజునకు కోటయు, దాని పరిసరములును మాత్రమే మిగిలెను. 1855లో అదియును పోయెను. కొలువు కుదించుకొనిపోగా చిత్రకారుడు అంగడి వైపు చూడవలసి వచ్చెను. పనస చెక్క, గుడ్డ, సుద్ద పూత, రాళ్లు, హెచ్చు బంగారము గల పటమును కొనగలవారు కొందరే. అద్దపు పటము చిన్నది, త్వరగా ముగియునది, చవుకయైనది. సామాన్య గృహస్థుని గోడకు దేవుడు వచ్చినది ఈ దారినే.

ఇక పని తీరు. గాజు అనగానే మన స్త్రీలకు చేతి గాజులే స్ఫురించును గాని, ఇచట గాజనగా పలక. గోడచిత్రము వ్రాయువాడు మొదట నేల రంగు వేయును, పిమ్మట దేహము, పిమ్మట వస్త్రము, తుదకు ఆభరణములు, కన్ను. అద్దముపై ఇదంతయు తలక్రిందు. చూచువాడు ఆవలి ముఖమునుండి చూచును గనుక, అతని కంటికి ముందుగా కనబడవలసినది చిత్రకారుని చేతికిని ముందుగా రావలెను. మొదట రేఖలు, కనుపాప, తిలకము, ముత్యముల చుక్కలు, అవి యారిన పిదప చెక్కిలిపై ఛాయ, దానిపై దేహవర్ణము, ఆపైన వస్త్రము, అన్నిటికిని కడపట వెనుకటి తెర. దేహవర్ణము పూసిన పిదప కన్ను వంకరపోయినదని తెలిసినచో దిద్దుటకు దారి లేదు; మూడు పొరలు తుడిచివేయవలసినదే. గోడపై కడపట తెరచు కంటిని ఇచట తొలుతనే తెరువవలెను.

కుడి యెడమల చిక్కు మరియొకటి. రేఖాచిత్రము గీసిన కాగితమును పలక క్రింద నుంచి, దానిననుసరించి పైన గీయుదురు. పలకను త్రిప్పిన తోడనే కుడి యెడమగును. ఇది మరచినచో సీతమ్మవారు రాముని వామభాగమును విడిచి కుడివైపునకు పోవును. అభయహస్తము ఎడమ చేయి యగును. క్రింద వ్రాసిన పేరు అద్దములోని నీడవలె తిరుగబడును. కావున మూలచిత్రమునే తిరుగవేసి గీసికొనవలెను. ఒకే కాగితముతో ఎన్ని పలకలైనను వ్రాయవచ్చును గనుకనే పది యిండ్లలోని బాలకృష్ణులు ఒకే తల్లి బిడ్డలవలె నుందురు. ఆభరణముల తావులను రంగు వేయక విడిచి, వెనుక బంగారు రేకునో, తళుకు రేకునో అద్దుట గలదు. దీపము వెలిగించినపుడు ఆ తావులు మెరయుటకు అదియే కారణము.

ఇట్టి పని నిలుచుటకు ఆధారమేమి? ఇందు చాలమంది పొరపడుచున్నారు. పైన గాజున్నది గనుక బొమ్మకు భయము లేదని వారి తలంపు. గాజు ధూళిని, చేతి మురికిని, దీపపు మసిని అడ్డగించు మాట నిజమే. అందుచేతనే ముందునుండి జూచిన రంగులు నేటికిని తడి యారనట్లు మెరయును. కాని రంగును పట్టియుంచుట గాజుచేత కాని పని. చెక్కపటమున సుద్ద పూత రంగును పీల్చుకొనును. గోడచిత్రమును సున్నపు పూత పట్టుకొనును. గాజు చుక్కనైనను పీల్చదు. అందలి రంగు కేవలము జిగురు బలమున అంటుకొని యున్నది. ఆ జిగురు పోయిన రంగును పోయినదే.

గాజుపై రంగు శాశ్వతముగా నిలుచు మార్గమొకటి గలదు, అది అగ్ని. ఫ్రాన్సు దేశపు షార్త్రు దేవాలయమున 13వ శతాబ్ది తొలిపాదమున నిలిపిన కిటికీల రంగుటద్దములు చాలవరకు నేటికిని ఉన్నవి. వానియందలి వర్ణము చాలవరకు గాజు కరగించునపుడే కలిసినది. ముఖరేఖలు మాత్రము ఇనుము లేక రాగి భస్మమును గాజుపొడితో నూరి, వ్రాసి, కొలిమిలో కాల్చినవి. ఆ వ్రాత పలకతో నేకమగును. 14వ శతాబ్ది మొదట వెండి లవణము పూసి కాల్చి, పసుపు వన్నె తెచ్చుటయు వారు నేర్చిరి. మనవారు కాల్పు త్రోవ పట్టలేదు. పట్టియున్నచో నీలిమందు వంటి చెట్టు రంగులు మాడిపోయెడివి. రేకు తళుకు చెడెడిది. చల్లని పనియే వారికి తగినది. దానికి ఫలముగా ఆ రంగు నీటికి, వేడికి, కాలమునకు లోబడినది.

అది రాలుట కింకను కారణములు గలవు. తుమ్మజిగురు కలిపిన రంగు వానకాలపు చెమ్మకు ఉబ్బి, వేసవికి ముడుచుకొనును. ఏటేట ఇట్లు జరుగగా బీటలు వారి పెచ్చులగును. చమురు, వార్నీషు కలిపిన రంగు నీటికి కొంత తాళును గాని, వయసుతో పెళుసై విరుగును. వేడికి గాజు పెరుగు కొలత వేరు, రంగు పెరుగు కొలత వేరు. ఆ పెనగులాటలో పట్టు సడలును. అన్నిటికంటె లోపలి శత్రువు గాజే. కొన్ని పాత పలకలలో క్షారము హెచ్చు. చెమ్మ తగిలినపుడు ఆ క్షారము బయటికి ఊరి, గాజునకును రంగునకును నడుమ సన్నని తడి పొరగా నిలుచును. అద్దము చెమర్చుటయని దానిని పిలువవచ్చును. చెదలు, గోడ ఉప్పు, వెనుక అంటించిన వార్తాపత్రిక పులుపు, వంగిన చెక్క వత్తిడి తక్కిన పని పూర్తిచేయును.

ఇంత దుర్బలమైన పని నూటయేబది యేండ్లు నిలిచినదనిన, ఆ ఘనత చేతిదే. జిడ్డు లేకుండ తుడిచిన పలక, పలుచని పొర, పొర యారక మరియొక పొర వేయని యోర్పు, తుదను దట్టమైన వెనుక పూత, రంగునకు తగులకుండ బిగించిన చెక్క ఉన్న పటములే నేటికిని మిగిలియున్నవి. తొందరలో చేసినవి ఎన్నడో రాలినవి.

వృత్తి క్షీణించుటకు చెమ్మ కారణము కాదు, అచ్చుయంత్రము కారణము. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుకూటమును స్థాపించిన పిదప లక్ష్మీ సరస్వతుల రంగుబొమ్మలు అణాలకు దొరకజొచ్చెను. అవియు గాజు వెనుకనే కూర్చుండెను. కాని గాజుపై వ్రాయు చేతితో పని లేకపోయెను. మనవారు కొందరు చెక్కపటములకు, కొందరు ఛాయాచిత్రములకు రంగులు దిద్దుటకు, కొందరు నాటకపు తెరలకు మరలిరి. పిదప చెట్టినాటి పెద్దయిండ్లు ఖాళీయగుచుండగా ఈ పటములు కారైకుడి పాతసామానుల అంగళ్లకు చేరెను. 1980లో జయా అప్పాస్వామి ఈ పటములపై ఇంగ్లీషున ప్రత్యేక గ్రంథమును ప్రకటించిన తరువాత పండితుల దృష్టియు, దానివెంట బేరగాండ్ర దృష్టియు వీనిపై పడెను. పాత చట్రములో క్రొత్త బొమ్మ పెట్టి అమ్ముటయు కలదు. చేతితో ఊది చేసిన పాత పలక పలుచగా నుండి, ఏటవాలుగా చూచిన అలలును, బుడగలును కానవచ్చును. నేటి పలక నీటివలె చదును. ఇదియొక్కటియే గురుతు కాదు, పాత గాజుపై క్రొత్తగా వ్రాయుటయు సాధ్యమే.

నేడు మరల ఈ పనికి పూనుచున్న యువకులకు ఒక సూచన. ఇప్పటి రంగులలో నీటితో కలిపెడు కొన్ని, ఆరిన పిదప ఓవెనులో 160 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని 40 నిమిషములుంచినచో గాజును బాగుగా పట్టుకొనును. పలకను చల్లని ఓవెనులోనే పెట్టి, వేడిని క్రమముగా పెంచి, లోపలనే చల్లారనీయవలెను; లేనిచో పగులును. డబ్బాపై ఏ వేడి వ్రాసియున్నదో దానినే పాటింపవలెను. ఈ వేడిని పాత పటమునకు మాత్రము ఎన్నడును చూపరాదు.

పాత పటమున్నవారు దాని వెనుక భాగమును గుడ్డతో తాకకుందురు గాక. ముందు గాజును తుడువవలసినను పొడిగుడ్డయే. తడిగుడ్డ నీరు చట్రపు సందున లోనికి పోవును. బయటి గోడకును, వంటింటి గోడకును వ్రేలాడదీయరాదు. వార్నీషు పూసి కాపాడెదమనువారిని నమ్మరాదు. మ్యూజియములలో పటముల మరమ్మతు నేర్చినవారు కలరు, వారికే చూపవలెను. పెచ్చు లేచిన పటమును నిలువుగా మోయరాదు. గాజు క్రిందికిని, రంగు పైకిని ఉండునట్లు పరుపుపై పరుండబెట్టి మోయవలెను. రాలిన పెచ్చులను పారవేయక కాగితపు పొట్లములో ఆ పటముతోనే ఉంచవలెను.

వచ్చు సమావేశమునకు ఎవరును పటములను బస్సులపై తీసికొని రావలదని మా ప్రార్థన. ముందు వెనుకల ఛాయాచిత్రములు రెండు, పలక కొలతలు, అది ఎవరి పెండ్లికి లేక ఏ గృహప్రవేశమునకు ఇంటికి వచ్చినదను పెద్దల మాట, ఆ కుటుంబమున కుంచె పట్టినవారి పేర్లు జ్ఞాపకమున్నంతవరకు వ్రాసి పంపినచో, ఊరి వరుసన కూర్చి ఉంచెదము.