నీలి వెలుగు కథ: పిల్లల వార్డులో పుట్టిన ఒక పరిశోధన

ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, పిల్లల వైద్యంలో పై చదువు చదువుతున్న నా పూర్వ విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి నన్ను చూసిపోయాడు. మాటల సందర్భంలో అతడు, "మాస్టారూ, పగలంతా వార్డు, రాత్రి డ్యూటీ. వీటి నడుమ పరిశోధన చేసి సిద్ధాంత వ్యాసం కూడా సమర్పించాలట. రోగుల్ని చూసేవాడికి పరిశోధనకు తీరిక ఎక్కడిదండీ?" అని వాపోయాడు. అతని బాధ నిజమైనదే. అయితే వార్డులో పని చేయటం వేరు, పరిశోధన చేయటం వేరు అని అతడు అనుకుంటున్నాడు. ఆ రెండూ ఒకటిగా కలిసిన సందర్భాలు వైద్యశాస్త్ర చరిత్రలో చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి అతనికి చెప్పాను. దానినే ఇక్కడ వివరిస్తాను.

పసికందు ఎందుకు పచ్చబడుతుంది?

పుట్టిన మొదటి వారంలో, నెలలు నిండిన శిశువుల్లో నూటికి ఇంచుమించు 60 మందికి, నెలలు నిండని శిశువుల్లో నూటికి ఇంచుమించు 80 మందికి ఒళ్ళు పచ్చబడుతుంది. మన రక్తంలోని ఎర్రకణాలు ఆయువు తీరి విచ్ఛిన్నమైనప్పుడు, వాటిలోని ఎర్రని పదార్థం మార్పు చెంది 'బిలిరుబిన్' అనే పసుపు పచ్చని పదార్థమవుతుంది. ఇది నీటిలో కరగదు. కాలేయం దీనిని నీటిలో కరిగే రూపానికి మార్చి, పైత్యరసంతో బయటికి పంపుతుంది. అప్పుడే పుట్టిన శిశువులో ఎర్రకణాలు ఎక్కువ, కాలేయానికి ఈ పని చేసే శక్తి తక్కువ. అందువల్ల బిలిరుబిన్ రక్తంలో నిలిచిపోయి చర్మానికి పసుపురంగు తెస్తుంది.

చాలామంది పిల్లల్లో ఇది కొద్దిరోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. కాని కొందరిలో బిలిరుబిన్ మితిమీరి పెరిగి మెదడులోకి చేరుతుంది. అలాంటి బిడ్డ మరణించవచ్చు. బ్రతికినా చెవుడు, అవయవాలు స్వాధీనంలో లేకపోవటం వంటి లోపాలు జీవితాంతం మిగిలిపోవచ్చు. 1950ల్లో దీనికి చేతనైన చికిత్స ప్రధానంగా ఒక్కటే: బొడ్డు రక్తనాళం ద్వారా బిడ్డ రక్తాన్ని కొద్దికొద్దిగా తీసివేస్తూ, దాత రక్తాన్ని ఎక్కించటం. ఇది ప్రాణాలు కాపాడింది గాని, ఎంతో శ్రమతోనూ అపాయంతోనూ కూడిన పని.

దుప్పటి కప్పిన చోటు

లండను నగరానికి తూర్పుగా, ఎసెక్స్ జిల్లాలో రాచ్‌ఫర్డ్ అనే ఊరు ఉన్నది. అక్కడి జనరల్ ఆసుపత్రిలో, నెలలు నిండని శిశువుల వార్డు సిస్టర్ జీన్ వార్డ్ అనే ప్రధాన నర్సు అజమాయిషీలో ఉండేది. గాలీ వెలుతురూ పసిపిల్లలకు మంచివని ఆమె నమ్మకం. ఎండ కాసిన రోజున, కొంచెం గట్టిపడిన పిల్లల్ని ఆరుబయటికి తీసుకొనిపోయేది.

1956 వేసవిలో ఒకనాడు పెద్ద డాక్టరు డాబ్స్ తన సహాయకులతో వార్డులో తిరుగుతూ ఉండగా, ఆమె సంకోచిస్తూనే ఒక బిడ్డను చూపించింది. బిడ్డ ఒళ్ళంతా లేతరంగులో ఉన్నది, ఒక్క త్రికోణాకారపు మచ్చ మాత్రం చిక్కటి పసుపు. ఏమైనా మందు పూశారా అని డాక్టరు అడిగాడు. లేదనీ, బిడ్డ మొత్తం పచ్చగానే ఉండేదనీ, దుప్పటి కొస కప్పిన చోట ఆ రంగు నిలిచిందనీ, ఎండ తగిలిన మిగతా ఒళ్ళు వెలిసినట్లున్నదనీ ఆమె చెప్పింది. ఆ రోజుకు ఆ విషయం అక్కడితో ఆగిపోయింది.

కొన్ని వారాల తర్వాత, కామెర్లు ముదిరిన ఒక శిశువు రక్తాన్ని పరీక్షకు పంపారు. ఫలితం అనుకున్నదాని కంటె చాలా తక్కువగా వచ్చింది. మళ్ళీ తాజాగా రక్తం తీసి చూస్తే ఎక్కువగా ఉన్నది. ఏది నిజం? ప్రయోగశాలలోని జీవరసాయన శాస్త్రజ్ఞుడు పెరీమన్, మొదటి గొట్టం ఎండలో ఉండిపోయిందని గమనించాడు. సిస్టర్ వార్డ్ చూపిన పసుపు మచ్చ అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

ఈ సూత్రాన్ని పట్టుకొని ముందుకు నడిచినవాడు రిచర్డ్ క్రీమర్. అతడు ఆ వార్డులో రిజిస్ట్రారు, అనగా పిల్లల వైద్యంలో శిక్షణ పొందుతున్న వైద్యుడు. మన ఆసుపత్రుల్లోని రెసిడెంటు డాక్టరు వంటివాడు.

మెట్టు మీద మెట్టు

ఉపాధ్యాయులు ఈ ఘట్టాన్ని తరగతిలో ప్రత్యేకంగా చెప్పదగును. చర్మం వెలిసినంత మాత్రాన రక్తంలో బిలిరుబిన్ తగ్గినట్లు కాదు. గొట్టంలో తగ్గినంత మాత్రాన బిడ్డ శరీరంలో తగ్గుతుందనీ చెప్పలేము. కనుక క్రీమర్, అతని సహచరులు పిల్లల్ని కొంతసేపు ఎండలో, కొంతసేపు నీడలో ఉంచి, రక్తాన్ని పరీక్షించి చూశారు. బిలిరుబిన్ నిజంగానే తగ్గింది.

కాని ఇంగ్లండులో ఎండ నమ్మదగినది కాదు, రాత్రివేళ అసలే లేదు. కృత్రిమ కాంతి కావాలి. ఏ రంగు కాంతి? బిలిరుబిన్ పసుపుగా కనిపించటానికి కారణం, తెల్లని కాంతిలోని నీలిభాగాన్ని అది పీల్చుకోవటమే. పీల్చుకున్న కాంతి మాత్రమే పదార్థంలో మార్పు తేగలదు. కనుక ఎనిమిది నీలికాంతి గొట్టాలు అమర్చిన ఒక సాధనం తయారుచేసి, దాని కింద పిల్లల్ని పడుకోబెట్టారు. క్రీమర్, పెరీమన్, రిచర్డ్స్ అనే ముగ్గురి పేర్లతో 1958లో 'లాన్సెట్' వైద్యపత్రికలో ఈ పరిశోధన వెలువడింది. మొట్టమొదట కళ్ళు తెరిచి చూసిన సిస్టర్ వార్డ్ పేరు ఆ రచయితలలో లేదు. ఇది కూడా మనం గుర్తుంచుకోవలసిన విషయమే.

పదేళ్ళ నిరీక్షణ

దక్షిణ అమెరికాలో కొందరు వైద్యులు ఈ పద్ధతిని త్వరలోనే చేపట్టారు గాని, అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో చాలాకాలం పట్టించుకోలేదు. అక్కడ 1968లో జెరాల్డ్ లూసీ, ఫెరీరో, హ్యూవిట్ కలిసి 111 మంది నెలలు నిండని శిశువులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మాత్రమే కాంతిచికిత్స ఇచ్చి పోల్చి చూపారు. ఆ తర్వాతనే ఈ చికిత్స విస్తారంగా వ్యాపించింది.

లోపల జరిగేదేమిటో మరికొంత ఆలస్యంగా తెలిసింది. బిలిరుబిన్ అణువులో నీటితో కలవగల భాగాలు లోపలికి ముడుచుకొని ఉంటాయి. నీలికాంతి తగలగానే అణువు మెలిక తిరిగి, ఆ భాగాలు బయటపడతాయి. అంతటితో అది నీటిలో కరిగే రూపం పొంది, కాలేయం మార్పు చేయకుండానే పైత్యంలోకీ, కొంత మూత్రంలోకీ పోతుంది. ఈ పని చేసేది అతినీలలోహిత కిరణాలని కొందరు పొరబడతారు. అది సరికాదు, కంటికి కనిపించే నీలికాంతే ఈ పని చేస్తుంది. అలాగని పచ్చబడిన బిడ్డను ఇంట్లోనే ఎండలో పెట్టి ఊరుకోకూడదు. ఎండకు కొలత లేదు, లేతచర్మం కమిలిపోవచ్చు, ఈలోగా విలువైన సమయం మించిపోవచ్చు. డాక్టరుకు చూపించి, అవసరమైతే రక్తపరీక్ష చేయించాలి.

శిక్షణలో ఉన్నవారికి

నేడు మన దేశంలో పిల్లల వైద్యంలో ఎం.డి. చదివేవారు మూడేళ్ళ శిక్షణలో సిద్ధాంత వ్యాసం సమర్పించాలన్న నియమం ఉన్నది. నియమం అవకాశాన్ని ఇస్తుంది, ప్రశ్నను మాత్రం ఇవ్వలేదు. రాచ్‌ఫర్డ్‌లో ఆ ప్రశ్న వార్డులోనే దొరికింది. దానిని పరిశోధనగా మార్చటానికి అక్కడ కావలసి వచ్చినవి పెద్ద నిధులు కావు. నర్సు మాట వినటానికి సిద్ధంగా ఉండటం, రక్తం పరీక్షించే శాస్త్రజ్ఞుడు పిలిస్తే పలికేంత దగ్గరలో ఉండటం, పైడాక్టరు అడ్డుచెప్పకపోవటం, వీటితోబాటు కొంత తీరిక. మొదటిది శిక్షణలో ఉన్నవాని చేతిలోనిది. మిగిలిన మూడూ ఆసుపత్రి సమకూర్చవలసినవి. అవి లేనిచోట, సిద్ధాంత వ్యాసం అలమరలో ఒక అట్టపుస్తకంగా మిగిలిపోతుంది.

నా విద్యార్థి అంతా విని, తమ వార్డులో ప్రతి రాత్రీ ఆ నీలిదీపాల నడుమనే తిరుగుతున్నా ఈ కథ తనకు తెలియదన్నాడు. వెళ్ళేముందు, "మా వార్డులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక నర్సమ్మ ఉన్నారు. ఆవిడ ఏదో చెప్పబోతే రెండుసార్లు వినకుండా వచ్చేశాను మాస్టారూ. ఈసారి కూర్చుని అడుగుతాను" అన్నాడు.