సుత్తి ఎవరి చేతిలో ఉంది?

బస్తీలో పిల్లలనూ పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టి చదివించే కార్యక్రమం ఎక్కడ మొదలైనా, అదేదో కొత్త ఆలోచన అన్నట్టే పరిచయం చేస్తారు. సికింద్రాబాదులోని లాలాపేట్ పరిసరాల చరిత్ర చూస్తే అలా అనిపించదు. పక్కనే ఉన్న లాలాగూడలో 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే తన కార్ఖానా పెట్టింది. అక్కడి పని పుస్తకం చూసి వచ్చేది కాదు. రైలు చక్రాన్నే తీసుకోండి. పాతకాలం పనివాళ్లు దాన్ని సుత్తితో తట్టి చూసేవారు. ఖంగుమని మోగితే బాగున్నట్టు, మొద్దుగా పలికితే ఎక్కడో పగులున్నట్టు. ఆ తేడా మాటలకు అందదు. పెద్ద మిస్త్రీ పక్కన నిలబడి, పదిసార్లు పొరపాటుపడి, పదకొండోసారి చెవితో పట్టుకోవాలి. మరోవైపు, హైదరాబాదు సంస్థానంలో అక్షరం వచ్చినవాళ్లు నూటికి పదిమందైనా లేని రోజులవి. ఊరి నుంచి ఉత్తరం వస్తే చదివిపెట్టడానికి బడికెళ్లిన కుర్రాడే దిక్కు. చేతివిద్య పైనుంచి కిందికీ, అక్షరం కిందినుంచి పైకీ ప్రయాణించేవి. ఈ రాకపోకలు రెండువైపులా సాగినచోటే ఇలాంటి చదువు నిలిచిందనీ, ఒకవైపు మూసుకుపోతే ఎండిపోయిందనీ నా వాదన.

తెలుగు చదువుకు ఇక్కడ తొలి ఆసరా గ్రంథాలయాలే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. అంతకుముందే, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి. అయితే అవి అప్పటికే చదువుకున్నవాళ్లవి, ఎక్కువగా పైకులాల మగవాళ్లవి కదా అంటే, ఆ మాట కాదనలేం. ఆ గోడకు అవతల పనిచేసినవారు భాగ్యరెడ్డివర్మ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, భజనలతో, హరికథలతో దళితవాడల జనాన్ని కూడగట్టారు. బడులు తెరవడం ఆ తర్వాతి మెట్టు. హరికథకు వయసు హద్దు లేదు. తాతా మనవడూ ఒకే చాప మీద కూర్చుని వింటారు.

ప్రభుత్వం రంగంలోకి దిగాక మాత్రం చాప రెండు ముక్కలైంది. 1978 అక్టోబర్ 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15 నుంచి 35 ఏళ్ల వారిని లక్ష్యంగా పెట్టుకుంది. 1988 నాటి జాతీయ అక్షరాస్యతా మిషన్ కూడా ఆ గీత చెరపలేదు. ఉన్న డబ్బు తక్కువ, పనిచేసే వయసువాళ్లకు ముందు పెట్టడం సబబే అనవచ్చు. లెక్క ప్రకారం సబబే. కానీ ఆ లెక్కలో నేర్చుకునేవాడు ఖాళీ కుండ. నింపడమే తప్ప అందులోంచి తీసుకునేది ఉండదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దీన్ని తిరగేసి చూపింది. ఊరి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించిన కథ అక్షరాస్యతా వాచకంలో పాఠమైతే, ఆ జిల్లాలోని దూబగుంట స్త్రీలు ఆ పాఠాన్ని తమ వీధిలోకి తెచ్చారు. ఉద్యమం పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషిద్ధమైంది. వాచకం అక్షరాలిచ్చింది, నేర్చుకున్నవాళ్లు తమ బతుకు అనుభవంతో దానికి అర్థమిచ్చారు. ఇక 35 ఏళ్ల పైహద్దు తొలగడానికి 2009లో సాక్షర భారత్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు పెద్దల దగ్గర నేర్చుకునేదేముంది, పని నేర్పడానికి ఐటీఐలు లేవా అనేది మరో అభ్యంతరం. ఐటీఐలు అవసరమే. అయినా 1961 నాటి అప్రెంటిస్ చట్టం శిక్షణను తరగతి గదికే వదిలేయలేదు, కుర్రాణ్ని కార్ఖానాలోకి పంపింది. చేయి తిరిగిన మనిషి పక్కన నిలబడే అవసరాన్ని చట్టమూ ఒప్పుకున్నట్టే. అసలు లోటు రెండో దారిలో, పిల్లల నుంచి పెద్దలకు చేరాల్సిన చదువులో ఉంది. 2014 నుంచి పింఛనుదారులు, తాము బతికున్నట్టు ఏటా ఇచ్చే ధ్రువపత్రాన్ని డిజిటల్‌గా ఇవ్వవచ్చు. మనవడు ఫోను లాక్కుని రెండు నిమిషాల్లో పని ముగించి తిరిగిస్తే తాతకు పని జరుగుతుంది, చదువు జరగదు. వచ్చే నవంబరులో మళ్లీ మనవడి కోసం చూడాల్సిందే. చేసిపెట్టడం వేరు, నేర్పడం వేరు. మిస్త్రీ చక్రాన్ని తానే తట్టి ఊరుకుంటే కుర్రాడికి ఆ మోత ఎప్పటికీ తెలిసేది కాదు, సుత్తి వాడి చేతికిచ్చాడు కాబట్టే తెలిసింది. ఇప్పుడు ఫోను తాత చేతిలోనే ఉంచి, ఆయన పదిసార్లు పొరపాటుపడేదాకా ఓపిక పట్టడం కుర్రాడి వంతు.