ముందు చక్రాల మధ్య దూరం

అమెరికా పల్లెల్లో పాత ట్రాక్టరు కనిపిస్తే అందరూ మొదట దాని రంగు చూస్తారు. ఎరుపైతే ఇంటర్నేషనల్ హార్వెస్టర్, ఆకుపచ్చైతే జాన్ డీర్. నేను మాత్రం ముందు చక్రాలు చూస్తాను. అవి ముక్కు కింద ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా ఉంటే ఆ బండి సాళ్ళ మధ్య కలుపు తీయడానికి పుట్టింది. ఎడంగా ఉంటే దుక్కి కోసమో, కలుపుమందులొచ్చాక అన్ని పనుల కోసమో చేసింది. ఈ దేశపు సేద్యం ఎటు నడిచిందో, ఎవరిని నేలమీద ఉంచిందో, ఎవరిని ఊళ్ళు దాటించిందో ఆ రెండు చక్రాల మధ్య దూరం చాలావరకు చెబుతుంది.

ఈ చలికాలమంతా నేను ఒక పెరటి ట్రాక్టరుకు అలాంటి పాతకాలపు ఇరుకు ముక్కు తగిలించే పనిలో ఉన్నాను. అది 1964 నాటి కబ్ క్యాడెట్ 100. గడ్డి కోసుకోవడానికి, మంచు తోయడానికి చేసిన చిన్న బండి. బాగా నడుస్తున్నదానికి ముందు ఇరుసు ఎందుకు విప్పావని గుంటూరు మిత్రులు అడుగుతున్నారు. జవాబు చెప్పాలంటే నేనుండే చోటు సంగతి ముందు చెప్పాలి.

ఇది ఇల్లినాయి రాష్ట్రంలో మిసిసిపీ ఒడ్డు. నదికి ఇటు మోలీన్, రాక్ ఐలండ్. అటు అయోవా వైపు డావెన్‌పోర్ట్, బెటెన్‌డార్ఫ్. రాక్ నది వచ్చి మిసిసిపీలో కలిసే చోట సాక్ జాతి వాళ్ళ పెద్ద ఊరు సాకెనుక్ ఉండేది. వాళ్ళ ఆడవాళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పండించేవారు. 1804లో సెయింట్ లూయిస్‌లో కొద్దిమంది పెద్దలతో సంతకాలు పెట్టించుకున్న ఒప్పందాన్ని చూపించి, తర్వాత వాళ్ళందరినీ నది అవతలికి పంపేశారు. 1832లో తమ పొలాలకు తిరిగొద్దామని బ్లాక్ హాక్ అనే నాయకుడి వెంట నది దాటిన వాళ్ళలో ఎంతోమంది, ముసలివాళ్ళూ పసిపిల్లలతో సహా, ఆ వేసవిలోనే చనిపోయారు. ఐదేళ్ళకు, 1837లో, అదే రాక్ నది ఎగువన గ్రాండ్ డిటూర్ అనే ఊళ్ళో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు నాగలి చేశాడు. ఇక్కడి జిగట నేల పోత ఇనుప నాగలికి అంటుకుపోయేది, నునుపైన ఉక్కు నుంచి జారిపోయేది. డీర్ 1848లో మోలీన్‌కు మారాడు. ఆ కంపెనీ ఇప్పటికీ ఇక్కడే ఉంది. ఇక్కడి బడిపిల్లలకు నాగలి కథ బాగా తెలుసు. దానికి ఐదేళ్ళ ముందు జరిగిన కథ కూడా అంత బాగా తెలియాలని నా కోరిక.

ఎరుపు కంపెనీ కథ షికాగోది. కోతయంత్రం చేసిన సైరస్ మెక్‌కార్మిక్ ఫ్యాక్టరీ అక్కడుండేది. 1886 మే 3న ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర సమ్మెకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. దానికి నిరసనగా మర్నాడు జరిగిన సభే హేమార్కెట్ సభ. మన ఊళ్ళలో ఏటా ఎర్రజెండా ఎగరేసే మేడే వెనక ఉన్నది ఆ గేటే. 1902లో మెక్‌కార్మిక్, డీరింగ్ కంపెనీలు, మరికొన్ని కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయ్యాయి.

అప్పటిదాకా వచ్చిన ట్రాక్టర్లు దుక్కి దున్నేవి, నూర్పిడి యంత్రాలను తిప్పేవి. మొలకెత్తిన పైరులోకి మాత్రం దిగలేకపోయేవి. పత్తి చేలో గుంటక తోలిన వాళ్ళకు ఆ ఇబ్బంది చెప్పనక్కర్లేదు. కాడెద్దులు సాళ్ళ మధ్య అడుగులు చూసుకుంటూ నడుస్తాయి, గుంటక మొక్కకు తగలకుండా కలుపును కోసుకుపోతుంది. ఇక్కడ ఆ పని గుర్రాలు, కంచరగాడిదలు చేసేవి. మొక్కజొన్న సాళ్ళ మధ్య 40 అంగుళాల ఎడం పెట్టడానికి కారణం మొక్క అవసరం కాదు, గుర్రం ఒళ్ళు. అందుకే ఫోర్డ్‌సన్ లాంటి ట్రాక్టరు కొన్న రైతు కూడా కలుపు పనికోసం గుర్రాలకు ఏడాది పొడుగునా మేత వేయాల్సి వచ్చేది.

1924లో ఇంటర్నేషనల్ వాళ్ళ ఫార్మాల్ ఆ చిక్కు విప్పింది. బర్ట్ బెంజమిన్ అనే ఇంజినీరు పట్టుబట్టి సాధించిన బండి అది. వెనక చక్రాలు పెద్దవి, ఎడమైనవి, నడుము ఎత్తు, ముందు చక్రాలు రెండూ ఒక్కచోట. ముందు జంట చక్రాలు రెండు సాళ్ళ నడిమి ఖాళీలో నడుస్తుంటే, అటొక సాలు ఇటొక సాలు పొట్ట కింద నుంచి చెక్కుచెదరకుండా వెళ్ళిపోతాయి. అంతరసేద్యం కూడా యంత్రానికి చిక్కాక రైతు దగ్గర గుర్రానికి పని మిగల్లేదు. రాక్ ఐలండ్‌లో ఫార్మాల్ కోసమే పెద్ద ఫ్యాక్టరీ వెలిసింది. 1939లో వచ్చిన హెచ్ మోడల్ ఒక్కటే 3 లక్షల 90 వేలకు పైగా అమ్ముడైంది. ఈ దేశపు యంత్రాల్లో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇప్పటికీ అదే.

అందం చూసి దాని వెనక జరిగింది మరిచిపోకూడదు. 1944లో మిసిసిపీ రాష్ట్రం క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ తోటల్లో, నాటడం నుంచి ఏరడం దాకా మొత్తం యంత్రాలతోనే పత్తి పండించి చూపించారు. పత్తి ఏరింది ఇంటర్నేషనల్ యంత్రమే. ఫార్మాల్ ట్రాక్టరును వెనక్కి నడిచేలా మార్చి దానిమీదే ఏరే యంత్రాన్ని కట్టారు. దక్షిణాదిలో పాలుకు పత్తి చేసే నల్లజాతి కుటుంబాలు బానిసత్వం పోయాక కూడా అప్పుల్లో ఆ నేలకే కట్టుబడి ఉండేవి. ఏరే పనీ పోయాక వాళ్ళను ఉంచుకోవాల్సిన అవసరం భూస్వాములకు తీరిపోయింది. అప్పటికే మొదలైన వలస ఉధృతమై లక్షల మంది షికాగో, డెట్రాయిట్ రైళ్ళెక్కారు. పల్నాడులో పత్తి ఏరడానికి పొరుగు జిల్లాల నుంచి కూలీలు రావడం చిన్నప్పుడు చూసినవాణ్ణి. హాప్సన్ తోటల్లో నిలబడినప్పుడు నాకు యంత్రం కన్నా ఆ రైళ్ళే ఎక్కువ గుర్తొచ్చాయి.

తెల్ల రైతుల పిల్లలూ పొలాలు వదిలారు, కానీ వాళ్ళకు దారి వేరు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 చట్టం చదువులు, ఇంటి అప్పులు ఇచ్చింది. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ మొదలైంది. ఒకే రకం ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ పచ్చిక, దాన్ని వారం వారం కోయాలన్న నిబంధన. తెల్లవాళ్ళు కానివాళ్ళు అక్కడ ఉండకూడదని మొదట్లో ఒప్పంద పత్రంలోనే రాశారు. నల్లజాతి సైనికుడు అదే యుద్ధం చేసొచ్చినా ఆ పచ్చిక అతనిది కాదు. మనవాళ్ళు పెద్ద సంఖ్యలో రావడానికి దారి తెరిచిన వలస చట్టం 1965లో గాని రాలేదు. ఈ రోజు మా వీధిలో నాలాంటి వాళ్ళు నిశ్చింతగా గడ్డి కోసుకుంటున్నామంటే, ముందు ఎవరెవరో కోర్టుల్లోనూ వీధుల్లోనూ కొట్లాడి ఆ గీతలు చెరిపినందువల్లే.

1940లో ఈ దేశంలో పొలాల మీద బతికేవాళ్ళు దాదాపు 3 కోట్లు. 1970 నాటికి కోటికి తగ్గారు. పొలం వదిలి ఊరి అంచున అరెకరం ఇంటికి చేరినవాడికి ఉన్నదల్లా పచ్చిక, కొద్దిపాటి కూరగాయల మడి. ట్రాక్టరు మీద కూర్చునే అలవాటు మాత్రం పోలేదు. 1960లో ఇంటర్నేషనల్ వాళ్ళు కెంటకీలోని లూయిస్‌విల్ ఫ్యాక్టరీ నుంచి కబ్ క్యాడెట్ తెచ్చింది ఆ మనిషి కోసమే. అక్కడే తయారయ్యే అతి చిన్న ఫార్మాల్ కబ్ గేరుపెట్టె పనితనం దీనికీ వచ్చింది. నా బండిలో ఉన్నది 10 గుర్రాల కోలర్ ఇంజను, ఒకటే సిలిండరు, పోత ఇనుము. ఇప్పటి పెరటి బండ్లలో ఇలాంటి ఇనుము కనిపించదు.

ముందు ఇరుసు మాత్రం వెడల్పుది. అదీ పోత ఇనుమే. మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది. రెండు చివర్లా స్పిండిళ్ళు, వాటిని కలుపుతూ టై రాడ్డు, స్టీరింగు డబ్బా నుంచి ఎడమ చక్రానికి ఒక లింకు. ఆ ఇరుసును కోసి వాడుకుందామనుకున్నాను. పక్కింటి పెద్దాయన వద్దన్నాడు. “దాన్ని కొయ్యకు. నీదంతా బోల్టులతో తగిలించు. నీ తర్వాతివాడు పాతది పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోవాలి కదా,” అన్నాడు. ఆయన రాక్ ఐలండ్ ఫార్మాల్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. ఆయన మాటే సరైంది. పాత ఇరుసు గ్రీజు పూసుకుని అటక మీద భద్రంగా ఉంది.

ఇరుసు పిన్ను దూరే రంధ్రాలనే ఆధారం చేసుకుని ఫ్రేముకు మందపాటి ఉక్కు ప్లేటు బిగించాం. దాని కింద నిలువు గొట్టం. గొట్టంలో పైనొకటి, కిందొకటి, చిన్న ట్రైలర్ చక్రాలకు వాడే టేపర్ రోలర్ బేరింగులు. వాటిలో తిరిగే అంగుళం కడ్డీ. కడ్డీ అడుగున పొట్టి ఇరుసు, దానికి రెండు చక్రాలు, ఫార్మాల్‌కు ఉన్నట్టే కింద దగ్గరగా, పైన కాస్త ఎడంగా. రెండు చక్రాలూ ఒకే కడ్డీతో తిరుగుతాయి కాబట్టి టై రాడ్డుతో పని లేదు. కడ్డీని నిటారుగా పెట్టకుండా పైకొస కొద్దిగా వెనక్కి వాల్చాలి. లేకపోతే మలుపు తిరిగాక చక్రాలు వాటంతటవే తిన్నబడవు. కడ్డీ తలకు వెల్డు చేసిన చేతి పొడవు తేల్చడానికే ఎక్కువ రోజులు పట్టింది. చెయ్యి పొట్టిదైతే బండి ఇరుకులో తిరుగుతుంది కానీ స్టీరింగు బరువెక్కుతుంది. పొడుగైతే చేతికి తేలిక, మలుపు మాత్రం చాలదు. అట్టముక్కలు కత్తిరించి కొలత చూసుకున్నాకే ఉక్కు కోశాం. వెల్డింగు అంతా పెద్దాయనదే. ఆ అతుకులు చూస్తే ఎవరికైనా రంగు వేయబుద్ధి కాదు.

ఇలాంటి ముక్కు పెట్టాలనుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. వెడల్పు ఇరుసు కొంత వాలాక ఫ్రేముకు ఆనుకుని ఆగుతుంది, అప్పుడు బండిని నిలబెడుతుంది. ఇరుకు ముక్కుకు ఆ ఆసరా ఉండదు. ఏటవాలులో ఒక పక్కకు ఒరిగితే ఒరిగినట్టే. వెనక చక్రాలను తిరగేసి బిగించి ఎడం పెంచాను, వాటికి ఇనుప బరువులు కట్టాను. అయినా మా ఇంటి వెనక వాలులోకి దీన్ని తోలను. ఆ గడ్డి వేరే మిషనుతో కోస్తాను.

అసలు ఇరుకు ముక్కులు మాయమైంది ప్రమాదాల వల్లే కాదు. యుద్ధం తర్వాత 2,4-డి అనే కలుపుమందు, 1950ల చివర్లో అట్రజిన్ వచ్చాయి. అట్రజిన్ మన మొక్కజొన్న రైతులకూ తెలిసిందే. మందే కలుపు చంపుతుంటే సాళ్ళ మధ్య ఇనుము నడిపే అవసరం తగ్గింది. గుర్రం లేదు కాబట్టి సాళ్ళు 30 అంగుళాలకు దగ్గరయ్యాయి. తర్వాత 1979-80లో ఇంటర్నేషనల్‌లో నెలల తరబడి సమ్మె, ఆపైన మండిన వడ్డీలు, కుదేలైన పంట ధరలు. కబ్ క్యాడెట్‌ను 1981లో అమ్మేశారు. 1985లో వ్యవసాయ విభాగం మొత్తం జె.ఐ. కేస్ యజమానులకు పోయింది. ఆ ఏడాదే రాక్ ఐలండ్ ఫ్యాక్టరీలో చివరి ట్రాక్టరు బయటికొచ్చింది. పెద్దాయనకు అప్పటికి ఇంకా చిన్న వయసే. తర్వాత ఏమేం పనులు చేశాడో ఆయన పెద్దగా చెప్పడు. ఫ్యాక్టరీ గురించి అడిగితే మాత్రం ఏ బోల్టు ఎంత బిగించాలో ఇప్పటికీ చెబుతాడు.

మిత్రుల ప్రశ్నకు ఇదీ జవాబు. పచ్చిక కోసం పుట్టిన బండిని మళ్ళీ సాళ్ళలోకి దింపాలనుకున్నాను. పెరట్లో ఒక చెక్క దున్నేశాం. మంచు పోయి నేల వెచ్చబడగానే ఒక పక్క గోంగూర, ఒక పక్క మొక్కజొన్న వేస్తాను. రెండేసి సాళ్ళు పొట్ట కింద పట్టేలా 14 అంగుళాల ఎడం సరిపోతుందని లెక్క తేలింది. ఈ బండి ఫార్మాల్ అంత ఎత్తు కాదు కాబట్టి మొక్కలు జానెడు ఎదిగేదాకానే లోపలికి వెళ్ళగలం. ఆ తర్వాత కొడవలే. కడుపు కింద తగిలించడానికి మూడు పళ్ళ గుంటక ఒకటి కావాలి. దానికి ఉక్కు పట్టీలు తెచ్చి పెట్టాను. పెద్దాయన వచ్చే శనివారం వస్తానన్నాడు.