తగ్గని జ్వరం, నాలుగు జన్యువులు

వోల్ఫ్స్‌బర్గ్‌లో మనవాళ్లం నాలుగు కుటుంబాలు కూడితే మాటలు కార్ల ఫ్యాక్టరీ నుంచి సంబంధాల దాకా వస్తాయి. "మేనరికం చేస్తే పిల్లలకు రోగాలొస్తాయట కదా?" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఔననో కాదనో తేల్చేముందు ఒక వ్యాధి చరిత్ర చూద్దాం.

1952లో ఫార్కర్, క్లెయిరో అనే ఇద్దరు ఎడింబరో వైద్యులు ఒకే తల్లి బిడ్డలిద్దరిని గురించి రాశారు. జ్వరం తగ్గదు, కాలేయం, ప్లీహం పెరుగుతాయి, రక్తకణాలు క్షీణిస్తాయి. శరీరంలోని భక్షక కణాలే రక్తకణాలను మింగేస్తున్నాయి. కంచే చేను మేయడమంటే ఇదే. బిడ్డలిద్దరూ శైశవంలోనే పోయారు.

మొదటి కారణం దొరకడానికి 47 ఏళ్లు పట్టింది. మన రక్తంలోని సంహారక కణాలు క్రిమి సోకిన కణానికి పెర్ఫోరిన్ అనే ప్రోటీనుతో కన్నం వేసి చంపుతాయి. చంపగానే పోరు ఆగాలి. 1999లో కొందరు రోగుల్లో ఈ పెర్ఫోరిన్ జన్యువే చెడిపోయిందని తేలింది. శత్రువు చావడు, అపాయ సంకేతం ఆగదు, భక్షక కణాలు రెచ్చిపోతాయి. పెర్ఫోరిన్ సంచులను కణం అంచుకు చేర్చి విడుదల చేసే జన్యువులు మరి మూడు 2003, 2005, 2009లలో బయటపడ్డాయి. 2005 నాటి సింటాక్సిన్ 11 హాంబర్గ్ పరిశోధకులది. దాన్ని పట్టించింది రక్తసంబంధంలోనే పెళ్లిళ్లు చేసుకునే ఒక పెద్ద కుర్దు కుటుంబం.

మనకు సంబంధించిన మాట ఇదే. ఈ వ్యాధి రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన ప్రతి రావాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం మేనబావ మరదళ్ల బిడ్డకు 16లో 1, మేనమామ మేనకోడళ్ల బిడ్డకు 8లో 1. మేనరికాలన్నీ రోగాల పుట్టలని మేము అనం. అత్యధికుల బిడ్డలు ఆరోగ్యంగానే ఉన్నారు.

1994 నాటి అంతర్జాతీయ చికిత్సా విధానంలో స్టెరాయిడ్, ఎటోపోసైడ్‌లతో మంట అణచి, తర్వాత ఎముక మజ్జ మార్పిడి చేశారు. సుమారు సగం మంది ఐదేళ్లు దాటి బతికారు. వ్యాధి మెదడుకు పాకితే వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇస్తారు. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన సంతతే!

జర్మనీలో 2019 ఆగస్టు నుంచి నవజాత శిశువుల మడమ రక్తంలో మరో తీవ్ర రోగనిరోధక లోపాన్ని వెదుకుతున్నారు. ఈ జ్వరం అందులో పట్టుబడదు. పసిబిడ్డకు జ్వరం రోజుల తరబడి వదలకపోతే, మాది మేనరికమనీ, ఇంట్లో ఫలానా బిడ్డ శైశవంలో పోయాడనీ డాక్టరుకు మనమే చెప్పాలి. జర్మన్‌లో మేనమామా, బాబాయీ, పెదనాన్నా అందరూ "ఒంకెల్" గనుక, తల్లి తోడబుట్టినవాడని విడమరిచి మరీ చెప్పాలి.